ప్రోస్టేట్ క్యాన్సర్ డేటాలో ఏఆర్-వీ7 ని పట్టుకోవడం ఎలా: జీన్ కౌంట్ దగ్గరే ఆగిపోకండి

ప్రోస్టేట్ క్యాన్సర్ ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్ డేటా చేతికి రాగానే ప్రాజెక్ట్ స్టూడెంట్స్ చాలామంది చేసేది ఒకటే. జీన్ కౌంట్ టేబుల్ తీస్తారు, ఆండ్రోజెన్ రిసెప్టర్, అదే ఏఆర్ జీన్, పెరిగిందా తగ్గిందా చూస్తారు, ఓ హీట్‌మ్యాప్ గీస్తారు, పని అయిపోయిందనుకుంటారు. ఆ టేబుల్‌లో ఏఆర్‌కి ఒక్క లైనే ఉంటుంది, ఒక్క నంబరే ఉంటుంది. కానీ ఆ జీన్ నుంచి వచ్చే ఆర్ఎన్ఏలన్నీ ఒకేలా ఉండవు, కొన్ని మందుకి లొంగే ప్రోటీన్ తయారుచేస్తాయి, కొన్ని అస్సలు లొంగని ప్రోటీన్ తయారుచేస్తాయి, రెండిటినీ కలిపి ఒకే నంబర్ చేసేస్తే మనకి కావాల్సిన విషయమే చేజారిపోతుంది. అలా లొంగని ప్రోటీన్ ఇచ్చే ఏఆర్ రూపాల్లో ఒకటే ఈ ఏఆర్-వీ7. ఆ తేడా అంతా స్ప్లైసింగ్‌లో, అంటే ఇంట్రాన్లు తీసేసి ఎక్సాన్లని అతికించే పనిలో ఉంది, స్ప్లైసింగ్ కనపడాలంటే జంక్షన్లు, అంటే రెండు ఎక్సాన్లు అతుక్కున్న చోట్లు, చూడాలి. అదెలా చూడాలో, ఎక్కడెక్కడ మోసపోతామో చెప్తాను. ఎమ్మెస్సీ బయోటెక్, బయోఇన్ఫర్మాటిక్స్ చేస్తున్నవాళ్లనీ, ల్యాబ్‌లో కొత్తగా చేరిన జేఆర్ఎఫ్‌లనీ మనసులో పెట్టుకుని రాస్తున్నా, కాబట్టి ఎక్సాన్, ఇంట్రాన్ అంటే ఏంటో తెలుసనే అనుకుంటున్నాను.

ముందు జీన్ బొమ్మ గీసుకోండి

సీరియస్‌గానే చెప్తున్నా, కంప్యూటర్ తెరిచే ముందు కాగితం మీద ఏఆర్ జీన్ గీయండి. ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మామూలుగా 8 ఎక్సాన్లు. ఎక్సాన్ 1 చాలా పెద్దది, ప్రోటీన్ ముందు భాగం మొత్తం దాన్నుంచే వస్తుంది, జీన్లని ఆన్ చేసే శక్తి ఎక్కువగా అక్కడే ఉంటుంది. ఎక్సాన్ 2, 3 కలిసి డీఎన్ఏని పట్టుకునే భాగాన్ని ఇస్తాయి. 4 నుంచి 8 దాకా ఉన్నవి హార్మోన్ వచ్చి కూర్చునే భాగాన్ని, అంటే లైగాండ్ బైండింగ్ డొమైన్‌ని ఇస్తాయి. మొత్తం ప్రోటీన్ దాదాపు 920 అమైనో ఆమ్లాలు.

ఇప్పుడు మందుల సంగతి ఆ బొమ్మ మీదే పెట్టి చూడండి. 1941లో చార్లెస్ హగ్గిన్స్ వృషణాలు తీసేస్తే ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్ కూడా తగ్గుముఖం పడుతుందని చూపించాడు, దానికే 1966లో నోబెల్ వచ్చింది. ఈరోజుకీ ట్రీట్‌మెంట్‌కి మూలం అదే, టెస్టోస్టిరాన్ అందకుండా చేయడం. అబిరాటెరోన్ సైప్17ఏ1 అనే ఎంజైమ్‌ని ఆపి హార్మోన్ తయారీనే కట్ చేస్తుంది, ఎంజలుటమైడ్ రిసెప్టర్‌లో హార్మోన్ కూర్చునే చోట తనే కూర్చుంటుంది. అంటే ఈ మందులన్నిటి ఆట 4 నుంచి 8 ఎక్సాన్లు ఇచ్చే ఆ భాగం మీదే నడుస్తోంది.

ఏఆర్-వీ7 లో సరిగ్గా ఆ భాగమే ఉండదు. ఎక్సాన్ 3 అయిపోయాక స్ప్లైసోజోమ్, అంటే స్ప్లైసింగ్ చేసే యంత్రం, ఎక్సాన్ 4 కి వెళ్లకుండా, మధ్యలో ఇంట్రాన్ 3 లో దాగి ఉన్న ఓ చిన్న ముక్కని ఎక్సాన్ అనుకుని అతికించేస్తుంది, దాన్నే క్రిప్టిక్ ఎక్సాన్ 3, షార్ట్‌గా సీఈ3 అంటారు. అక్కడ 16 కొత్త అమైనో ఆమ్లాలు, వెంటనే స్టాప్. ఆ ముక్కకి సొంత పాలీ-ఏ సిగ్నల్ కూడా ఉంది కాబట్టి ఆర్ఎన్ఏ అక్కడితో ముగిసిపోతుంది. తయారయ్యే ప్రోటీన్ 644 అమైనో ఆమ్లాలు, డీఎన్ఏని పట్టుకోగలదు, జీన్లని ఆన్ చేయగలదు, హార్మోన్‌తో పనే లేదు. స్విచ్ దాటేసి డైరెక్ట్‌గా వైర్ ఇచ్చిన ఫ్యాన్ లాంటిది, స్విచ్ ఎన్నిసార్లు ఆపినా తిరుగుతూనే ఉంటుంది.

ఇది ఎందుకు పెరుగుతుందో కూడా తెలిసి ఉండాలి, లేకపోతే శాంపిళ్లని తప్పుగా పోలుస్తారు. ఏఆర్ చురుగ్గా ఉన్నప్పుడు తన జీన్‌ని తనే కొంత అణచిపెట్టుకుంటుంది. హార్మోన్ కట్ చేయగానే ఆ అణచివేత పోయి జీన్ జోరుగా చదవబడుతుంది, దాంతోపాటు యూ2ఏఎఫ్65, ఎస్ఆర్ఎస్ఎఫ్1 లాంటి స్ప్లైసింగ్ ఫ్యాక్టర్లు ఆ కొత్త ఆర్ఎన్ఏ మీదకి ఎక్కువగా చేరి సీఈ3 ని ఎంచుకునేలా చేస్తాయి, హెచ్ఎన్ఆర్ఎన్‌పీఏ1 పాత్ర కూడా ఉందని చూపించారు. అంటే క్యాన్సర్‌ని ఆపడానికి ఇచ్చిన ట్రీట్‌మెంటే దానికి ఈ దారి తెరుస్తోంది. లండన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ క్యాన్సర్ రీసెర్చ్ వాళ్లు 2019లో కణజాలంలో ప్రోటీన్‌నే చూశారు, ట్రీట్‌మెంట్‌కి ముందు ప్రైమరీ ట్యూమర్లలో ఒక శాతం కంటే తక్కువ వాటిలోనే ఏఆర్-వీ7 కనపడింది, హార్మోన్ ట్రీట్‌మెంట్ తర్వాత వచ్చిన శాంపిళ్లలో అయితే 75 శాతం వాటిలో కనపడింది. అందుకని మీ దగ్గరున్న శాంపిల్ ట్రీట్‌మెంట్‌కి ముందుదా తర్వాతదా అన్నది మెటాడేటాలో వెతికి రాసుకోకుండా ఒక్క గ్రాఫ్ కూడా గీయొద్దు.

డేటా ఎక్కడ దొరుకుతుంది, ఏది పనికొస్తుంది

పేషెంట్ల మెటాస్టాటిక్ డేటా, అంటే వేరే చోట్లకి పాకిన ట్యూమర్ల డేటా, ఎక్కువగా డీబీగ్యాప్ అనే అనుమతి కావాల్సిన డేటాబేస్‌లో తాళం వేసి ఉంటుంది, మీ గైడ్ పేరు మీద అప్లికేషన్ పెట్టాలి, టైమ్ పడుతుంది. నేర్చుకోవడానికి అదేం అవసరం లేదు, జియో, ఎస్ఆర్ఏ అనే పబ్లిక్ డేటాబేస్‌లలో సెల్ లైన్ల, అంటే ల్యాబ్‌లో పెంచే క్యాన్సర్ కణాల, డేటా ఫ్రీగా ఉంది. 22ఆర్‌వీ1 ని పాజిటివ్ కంట్రోల్‌గా తీసుకోండి, ఏఆర్-వీ7 అందులో బాగా ఉంటుంది. ఎల్ఎన్‌క్యాప్‌లో ఫుల్ లెంగ్త్ ఏఆర్ దండిగా ఉంటుంది, వీ7 చాలా తక్కువ. పీసీ-3, డీయూ145 లో ఏఆరే దాదాపు ఉండదు కాబట్టి అవి నెగెటివ్ కంట్రోల్. వీక్యాప్ అయితే నాకు అన్నిటికంటే ఇష్టం, హార్మోన్ తీసేస్తే వీ7 పెరగడం, మళ్లీ ఇస్తే తగ్గడం అందులో కనపడుతుంది, స్ప్లైసింగ్ ట్రీట్‌మెంట్‌కి ఎలా స్పందిస్తుందో కళ్లారా చూడొచ్చు.

లైబ్రరీ ఎలా తయారుచేశారో తప్పకుండా చదవండి. పెయిర్డ్ ఎండ్, అంటే ముక్కని రెండు చివర్ల నుంచీ చదివినదై, రీడ్, అంటే మెషీన్ చదివిచ్చే ఒక్కో వరస, పొడవు 100 బేసులకి తగ్గకుండా ఉంటే హాయి. ఆర్ఎన్ఏ 3 ప్రైమ్ చివర మాత్రమే చదివే కిట్లతో చేసిన డేటా, అందులో చాలా సింగిల్ సెల్ డేటా కూడా వస్తుంది, దీనికి పనికిరాదు, ఎందుకంటే ఎక్సాన్ 3 నుంచి సీఈ3 కి దూకే చోటు అందులో దాదాపు చదవబడదు. ఎంత పెద్ద పేపర్ డేటా అయినా సరే పక్కన పెట్టేయండి.

పెద్ద కంప్యూటర్ లేదని ఆగిపోకండి. రీడ్లు జీనోమ్‌లో ఎక్కడివో వెతికి అతికించే స్టార్ అలైనర్‌కి మనిషి జీనోమ్ ఇండెక్స్ కోసం 30 జీబీ పైనే ర్యామ్ కావాలి, మామూలు ల్యాప్‌టాప్ మీద అవ్వదు. హైశాట్2 అయితే 8 జీబీ లో కూడా నడుస్తుంది. లేదంటే గెలాక్సీ సర్వర్‌లో అకౌంట్ తెరిచి స్టార్‌నే అక్కడ ఫ్రీగా నడపొచ్చు. అది కూడా కుదరకపోతే స్నాప్‌ట్రాన్ అని ఉంది, వేలాది పబ్లిక్ శాంపిళ్ల జంక్షన్ కౌంట్లు ముందే లెక్కపెట్టి పెట్టేశారు, టీసీజీఏ (ట్యూమర్ల డేటా), జీటెక్స్ (మామూలు కణజాలాల డేటా) తో సహా. జీన్ పేరు ఇస్తే దాని జంక్షన్లన్నీ టేబుల్‌లా వచ్చేస్తాయి. నెట్ స్లోగా ఉండే హాస్టల్ రూమ్‌లో కూర్చుని కూడా మొదటి జవాబు తెచ్చుకోవచ్చు.

జంక్షన్ ఫైల్ చదవడం

ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, మొత్తం పని ఇక్కడే ఉంది.

స్టార్‌ని రెండు పాస్‌ల మోడ్‌లో నడపండి, అప్పుడు మొదటి పాస్‌లో దొరికిన కొత్త జంక్షన్లని రెండో పాస్‌లో గుర్తుపెట్టుకుని వాడుకుంటుంది. ఇచ్చే ఫైళ్లలో జంక్షన్ల ఫైల్ ఒకటి ఉంటుంది, తొమ్మిది కాలమ్‌లు, హెడర్ ఉండదు. మొదటిది క్రోమోజోమ్, రెండోది ఇంట్రాన్ మొదటి బేస్, మూడోది ఇంట్రాన్ చివరి బేస్. జాగ్రత్త, ఎక్సాన్‌ది కాదు, ఇంట్రాన్‌ది. ఎక్సాన్ 3 చివరి బేస్ నంబర్‌కి ఒకటి కలిపితే రెండో కాలమ్ వస్తుంది. ఈ ఒక్క నంబర్ తేడా వల్ల జంక్షన్ ఫైల్‌లో ఉన్నా దొరకలేదని రిపోర్ట్ చేసినవాళ్లున్నారు, జీనోమ్‌లో చోట్ల జాబితా ఉండే బెడ్ ఫైల్‌తో పోల్చేటప్పుడు అయితే లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి ఇంకా గందరగోళం. నాలుగోది స్ట్రాండ్, ఏఆర్ ప్లస్ స్ట్రాండ్ మీద ఉంది కాబట్టి ఇక్కడ 1 కనపడాలి. ఐదోది స్ప్లైస్ సైట్ మోటిఫ్, ఇంట్రాన్ జీటీ తో మొదలై ఏజీ తో ముగిస్తే ప్లస్ స్ట్రాండ్ మీద 1 వస్తుంది. ఆరోది మీ యానోటేషన్‌లో, అంటే జీన్లు, ఎక్సాన్లు ఎక్కడున్నాయో చెప్పే జాబితాలో, ఆ జంక్షన్ ముందే ఉందా లేదా, ఉంటే 1, లేకపోతే 0, కానీ రెండు పాస్‌ల మోడ్‌లో మొదటి పాస్‌లో దొరికిన కొత్తవి కూడా 1 గానే రావచ్చు. ఏడోది ఒకే చోట అతికిన రీడ్ల సంఖ్య, మనకి కావాల్సింది ఇదే. ఎనిమిదోది పలుచోట్ల అతికినవి, తొమ్మిదోది జంక్షన్‌కి అటూ ఇటూ రీడ్ ఎంత లోపలికి వెళ్లిందో చెప్పే ఓవర్‌హ్యాంగ్.

ఇప్పుడు ఎక్స్ క్రోమోజోమ్ లైన్లు మాత్రం తీసి, ఎక్సాన్ 3 చివర నుంచి మొదలయ్యే ఇంట్రాన్లన్నీ పక్కపక్కన పెట్టండి. అంటే రెండో కాలమ్ అన్నిటికీ ఒకటే ఉంటుంది, మూడో కాలమ్ మారుతుంది. బాగా దూరంగా ముగిసేది, అంటే ఎక్సాన్ 4 కి వెళ్లేది, ఫుల్ లెంగ్త్ వైపు జంక్షన్. మధ్యలోనే ముగిసేవాటిలో ఒకటి సీఈ3 కి వెళ్లేది. ఏది సీఈ3 అని ఊహించకండి, జెన్‌కోడ్ పూర్తి యానోటేషన్‌లోనో రెఫ్‌సీక్‌లోనో 644 అమైనో ఆమ్లాల ఏఆర్ ట్రాన్స్‌క్రిప్ట్ వెతికి దాని చివరి ఎక్సాన్ ఎక్కడ మొదలవుతుందో తీసుకోండి. ఏ జీనోమ్ బిల్డ్, అంటే రిఫరెన్స్ జీనోమ్ ఏ వెర్షన్, అని కూడా చూసుకోండి, పాత పేపర్లలో కోఆర్డినేట్లు హెచ్‌జీ19 లో ఉంటాయి, మీ అలైన్‌మెంట్ హెచ్‌జీ38 లో ఉంటుంది, రెండూ కలిపేస్తే ఏమీ దొరకదు.

ఆ తర్వాత కళ్లతో చూడాలి, ఇది మానేయొద్దు. ఐజీవీ అనే జీనోమ్ చూసే సాఫ్ట్‌వేర్‌లో బ్యామ్ ఫైల్, అంటే అతికిన రీడ్లున్న ఫైల్, తెరిచి ఏఆర్ దగ్గరికెళ్లి సాషిమి ప్లాట్ పెట్టండి, ఎక్సాన్ 3 నుంచి రెండు విల్లులు లేస్తాయి, ఒకటి దగ్గర్లోనే సీఈ3 మీద దిగుతుంది, ఇంకోటి దూరంగా ఎక్సాన్ 4 మీద దిగుతుంది, ఒక్కోదాని మీద రీడ్ల సంఖ్య రాసి ఉంటుంది. ఒక రీడ్‌ని క్లిక్ చేసి చూడండి. ఎక్సాన్ 3 పొడవు 117 బేసులే, కాబట్టి 150 బేసుల రీడ్ అయితే ఒక్కోసారి ఎక్సాన్ 2 చివర మొదలై, ఎక్సాన్ 3 మొత్తం దాటి, సీఈ3 లోకి దిగుతుంది, ఒకే రీడ్‌లో రెండు దూకుళ్లు. అలాంటి రీడ్ ఒకటి దొరికిందంటే వాదన అక్కర్లేదు, ఆ మూడు ముక్కలూ ఒకే ఆర్ఎన్ఏలో కలిసి ఉన్నాయనడానికి అదే సాక్ష్యం.

లెక్క ఎలా వేయాలి

సీఈ3 జంక్షన్ రీడ్లు 40, ఎక్సాన్ 4 జంక్షన్ రీడ్లు 360 అనుకుందాం, మొత్తం 400 లో 40, అంటే 10 శాతం. ఇదే మీ నిష్పత్తి. దీంతోపాటు సీఈ3 జంక్షన్ కౌంట్‌ని మొత్తం రీడ్ల మీద మిలియన్‌కి ఎన్ని అని కూడా పెట్టండి. రెండూ ఎందుకంటే, హార్మోన్ ట్రీట్‌మెంట్‌కి లొంగని దశలో చాలామంది పేషెంట్ల ట్యూమర్లలో ఏఆర్ జీన్ కాపీలే పెరిగిపోయి ఉంటాయి, అప్పుడు ఫుల్ లెంగ్త్ కూడా విపరీతంగా ఉంటుంది కాబట్టి నిష్పత్తి చిన్నగా కనిపిస్తుంది కానీ వీ7 మాత్రం కణంలో బోలెడంత ఉంటుంది. ఒక్క నిష్పత్తి మాత్రమే ఇస్తే ఆ పేషెంట్‌ని తక్కువ అంచనా వేసినట్టే. ఒకటి రెండు రీడ్లు చూసి పాజిటివ్ అని రాసేయకండి, నా వరకు ఓవర్‌హ్యాంగ్ 8 బేసులైనా ఉండి, ఒకే చోట మొదలవ్వని వేర్వేరు రీడ్లు కనీసం ఐదు ఉంటేనే మాట్లాడతాను. అలాగే ఎక్సాన్ 3 నుంచి 4 కి వెళ్లినంత మాత్రాన అదంతా ఫుల్ లెంగ్త్ అని కూడా కాదు, 5, 6, 7 ఎక్సాన్లని దాటేసే ఇంకో వేరియంట్ ఉంది, దానికి కూడా ఈ జంక్షన్ ఉంటుంది. కాబట్టి ఎక్సాన్ 4 నుంచి 8 కి దూకే జంక్షన్ ఉందేమో అదే ఫైల్‌లో ఓసారి చూసేయండి.

ఎక్కడ మోసపోతాం

అన్నిటికంటే పెద్ద ఉచ్చు సీఈ3 మీద రీడ్లు పడ్డాయి కదా అని అదే వీ7 అనుకోవడం. సీఈ3 ఇంట్రాన్‌లో ఉంది. రైబోజోమల్ ఆర్ఎన్ఏ తీసేసి చేసిన లైబ్రరీల్లో ఇంకా స్ప్లైస్ అవ్వని ఆర్ఎన్ఏ బోలెడు వస్తుంది, ఇంట్రాన్ పొడుగునా రీడ్లు పరుచుకుంటాయి, సీఈ3 మీద కూడా పడతాయి, దాని అర్థం ఏమీ ఉండదు. రెండోది ఏఆర్-వీ9. ఇది వేరే చోట స్ప్లైస్ అవుతుంది కానీ చివరి ఎక్సాన్‌లో సీఈ3 భాగాన్ని కూడా మోసుకొస్తుంది, ఈ సంగతి 2017లో బయటపడింది, దాంతో అంతకుముందు సీఈ3 ని టార్గెట్ చేసిన ఎస్‌ఐఆర్ఎన్ఏలు (ఎంచుకున్న ఆర్ఎన్ఏని తగ్గించే చిన్న ఆర్ఎన్ఏ ముక్కలు) వీ7 తో పాటు వీ9 ని కూడా తగ్గిస్తున్నాయని తేలింది. అంటే సీఈ3 మీద ఎన్ని రీడ్లున్నా సరే, ఎక్సాన్ 3 చివరని సీఈ3 మొదలుతో కలిపే రీడ్ మాత్రమే వీ7 గురించి చెప్తుంది. ట్రాన్స్‌క్రిప్ట్ లెవెల్‌లో అంచనా వేసే టూల్స్ ఇచ్చే నంబర్లని కూడా ఇదే కారణంగా జంక్షన్‌తో సరిచూసుకోకుండా నమ్మకండి.

22ఆర్‌వీ1 గురించి ఓ మాట. పాజిటివ్ కంట్రోల్‌గా బాగుంటుంది కానీ అది మామూలు కేస్ కాదు, అందులో ఎక్సాన్ 3 ఉన్న జీన్ ముక్కే రెండుసార్లు ఉంటుంది, అందుకే ఎక్సాన్ 3 చివర మళ్లీ ఎక్సాన్ 3 మొదలుకి అతికిన రీడ్లు కూడా దొరుకుతాయి, మామూలు జంక్షన్ ఫైల్‌లో అవి రావు, చైమెరిక్ రీడ్ల, అంటే మామూలు వరసలో అతకని రీడ్ల, వైపు పోతాయి. అవి కనపడి కంగారుపడొద్దు. పేషెంట్లందరిలో కూడా ఇలాగే జరుగుతుందని మాత్రం రాయొద్దు.

ల్యాబ్‌లో సరిచూడటం

డేటాలో దొరికింది కదా అని వదిలేయకుండా ఆర్‌టీ-పీసీఆర్ చేయండి, ఒక ప్రైమర్ ఎక్సాన్ 3 లో, ఇంకోటి సీఈ3 లో, కుదిరితే ఒకటి జంక్షన్ మీదే పడేలా డిజైన్ చేసుకోండి, అప్పుడు వీ9 తో గొడవ ఉండదు. వచ్చిన బ్యాండ్‌ని సాంగర్ సీక్వెన్సింగ్‌కి పంపండి, జంక్షన్ దగ్గర బేసులు అక్షరం అక్షరం కలవాలి. వెస్టర్న్ బ్లాట్‌లో, అంటే ప్రోటీన్లని సైజు ప్రకారం వేరుచేసి చూసే టెస్ట్‌లో, ఏఆర్ ముందు భాగాన్ని గుర్తుపట్టే యాంటీబాడీ వాడితే ఫుల్ లెంగ్త్ దాదాపు 110 కిలోడాల్టన్ల దగ్గర, వీ7 దాదాపు 80 దగ్గర వస్తాయి. కానీ ఆ 80 దగ్గర వేరే వేరియంట్లు కూడా పడతాయి, ముక్కలైన ఏఆర్ కూడా పడొచ్చు, కాబట్టి ఆ 16 అమైనో ఆమ్లాలని గుర్తుపట్టే వీ7 యాంటీబాడీతో కూడా చూడాలి, పీసీ-3 లైసేట్ పక్కన లేకుండా ఆ బ్లాట్ నాకు చూపించినా నమ్మను.

రొమ్ము క్యాన్సర్ డేటా ఉన్నవాళ్లకి

ఇదే పద్ధతి అక్కడ కూడా పనికొస్తుంది, కానీ వెతికేది వేరు. అక్కడ స్ప్లైసోజోమ్‌లోనే మ్యుటేషన్ ఉండొచ్చు. ఎస్ఎఫ్3బీ1 అనే జీన్‌లో మార్పు దాదాపు 2 శాతం రొమ్ము క్యాన్సర్లలో ఉంటుంది, ఎక్కువగా ఈస్ట్రోజెన్ రిసెప్టర్ పాజిటివ్ వాటిలో, అందులో ఎక్కువసార్లు కనపడేది 700వ స్థానంలో లైసిన్ పోయి గ్లుటామిక్ ఆమ్లం రావడం. ఆ మార్పు ఉంటే స్ప్లైసోజోమ్ మామూలు ఏజీ ని కాకుండా దానికి సాధారణంగా 10 నుంచి 30 బేసుల ముందున్న ఇంకో ఏజీ ని పట్టుకుంటుంది. అంటే జంక్షన్ ఫైల్‌లో మీరు ఇంట్రాన్ మొదలు ఒకటే ఉండి, చివర మాత్రం మామూలు దానికంటే కొన్ని బేసులు ముందు ముగిసే జంటల్ని వెతకాలి, అదీ ఒక జీన్‌లో కాదు వందల జీన్లలో. ఒక్క జీన్‌లో దొరికితే అది యాదృచ్ఛికం కావచ్చు, వందల్లో ఒకేసారి దొరికితే ఎస్ఎఫ్3బీ1 మ్యుటేషన్ కోసం అదే బ్యామ్ ఫైల్‌లో చూడండి.

రాసేటప్పుడు

ఇది నేను గట్టిగా చెప్పాలనుకుంటున్నా, ఎందుకంటే మన థీసిస్‌లు, పోస్టర్లు పేషెంట్ల ఇళ్లవాళ్లు కూడా గూగుల్‌లో వెతికి చదువుతున్నారు. 2014లో జాన్స్ హాప్కిన్స్ టీమ్ రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాల్లో వీ7 ఆర్ఎన్ఏ కోసం చూసింది, ఎంజలుటమైడ్ మొదలుపెడుతున్న 31 మంది, అబిరాటెరోన్ మొదలుపెడుతున్న 31 మంది. వీ7 దొరికినవాళ్లు మొదటి గుంపులో 39 శాతం, రెండో గుంపులో 19 శాతం, వాళ్లలో ఒక్కరికి కూడా పీఎస్ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ ఎలా ఉందో చూడటానికి రక్తంలో కొలిచే ప్రోటీన్) అనుకున్నంత తగ్గలేదు, వీ7 లేనివాళ్లలో మాత్రం 53 శాతానికి, 68 శాతానికి తగ్గింది. చాలా బలమైన ఫలితం, కానీ చిన్న స్టడీ, తర్వాత వీ7 ఉండి కూడా మందుకి స్పందించిన పేషెంట్లు అక్కడక్కడా కనిపించారు. వీ7 లేనంత మాత్రాన మందు పనిచేస్తుందనీ కాదు, ఎదురుతిరగడానికి క్యాన్సర్‌కి వేరే దారులు చాలా ఉన్నాయి. అదే టీమ్ వీ7 ఉన్నవాళ్లలో కూడా డోసిటాక్సెల్ లాంటి ట్యాక్సేన్ కీమో పనిచేస్తుందని చూపించింది, ఈ మాట కూడా పక్కనే రాయండి, ఎందుకంటే వీ7 పాజిటివ్ అని చదివిన ఓ కొడుకో కూతురో ఇంక మా నాన్నకి మందే లేదనుకునే ప్రమాదం ఉంది. మీ సెల్ లైన్ ఫలితం నుంచి పేషెంట్ ఏ మందు వాడాలో చెప్పే వాక్యం ఒక్కటి కూడా వద్దు, అది వాళ్ల ఆంకాలజిస్ట్ తేల్చాల్సిన విషయం.

మెథడ్స్‌లో జీనోమ్ బిల్డ్, యానోటేషన్ వెర్షన్, రీడ్ పొడవు, లైబ్రరీ రకం, జంక్షన్ కోఆర్డినేట్ రెండు చివర్లూ, ఎన్ని రీడ్లుంటే పాజిటివ్ అన్నారో, ఓవర్‌హ్యాంగ్ ఎంత పెట్టారో రాయండి. సప్లిమెంటరీలో ప్రతి శాంపిల్‌కి రెండు జంక్షన్ల పచ్చి కౌంట్లు పెట్టేయండి, శాతం ఒక్కటే కాదు, అప్పుడే వేరేవాళ్లు మీ లెక్కని వాళ్ల కటాఫ్‌తో మళ్లీ వేసుకోగలరు.